పురుగు వాటా

సుభద్రమ్మది మంచి చెయ్యి అని ఊరు ఊరంతా చెప్పుకునేది. ఏం, మిగతావాళ్ళవి చేతులు కావా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. ఆవిడ చేత్తో తొలిగింజ పడితే మొలక తప్పదు, అంతే. బొబ్బిలికి అవతల, వేగావతి పక్కనున్న ఆ పల్లెలో మెట్టచేను ఎవరిదైనా సరే, వాన పడి పదును రాగానే ఆ ఇంటి ఆడమనిషి పసుపూ కుంకుమా పట్టుకుని సుభద్రమ్మ గుమ్మంలోకి రావలసిందే. "అప్పా, రేపు మా సేలోకి ఓ పాలి రా" అని సొంత అక్కను పిలిచినట్టు నోరారా పిలవవలసిందే.

ఆవిడ తలారా స్నానం చేసి, అరచేతులకు పసుపు రాసుకుని, గింజలు ఒడిలో పోసుకుని ఈశాన్యం మూలనుంచి తొలి సాలు వేసేది. ఆ సాలు పూర్తయ్యేదాకా పెదవి విప్పేది కాదు. ఆ తరువాతే మిగతా ఆడవాళ్ళు చేలోకి దిగేవారు. దానికి కూలి అడగడమన్న మాటే లేదు. ఆ పూట ఆ ఇంట్లో విస్తరి వేసి, నలుగురి ముందూ కూర్చోబెట్టి వడ్డిస్తే చాలు. తొలకరి రోజుల్లో ఆవిడ తన పొయ్యి తను ముట్టించుకునేదే తక్కువ. మొగుడు లక్ష్ముడు వేళాకోళం చేసేవాడు. "ఇయ్యాల ఏ ఇంట్లోనే మహారాణీ భోజనం? నాకూ ఓ ముద్ద కొంగున కట్టుకురా, పుణ్యముంటాది."

ఇందులో నవ్వులాటకి మించిన సంగతి ఒకటి ఉంది. సుభద్రమ్మకి పిల్లలు లేరు. పుట్టిన ఇద్దరూ దక్కలేదు. పిల్లల్లేని ఆడదాన్ని శుభకార్యంలో ముందు నిలబెట్టే ఊళ్ళు ఎన్నుంటాయో చెప్పండి! పురుడు పోసుకున్న ఇంటికి వెళితే బిడ్డను పక్కకు తిప్పేస్తారు, పెళ్ళివారింట పసుపు దంచుతుంటే రోకలి అందనివ్వరు. ఆ ఊరు అలా చెయ్యలేదు. చేలో ఇంత పచ్చగా మొలిపించిన చెయ్యి ఇంట్లో చెడ్డదెలా అవుతుందిలే అనుకుంది. బారసాలకీ పిలిచింది, పెళ్ళికీ పిలిచింది. అదంతా ఆ తొలిగింజ పెట్టిన భిక్ష. ఆ సంగతి సుభద్రమ్మకి బాగా తెలుసు. మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఆవిడ కోరుకునేది ఒకటే, చచ్చేదాకా ఆ పిలుపు ఆగకూడదని.

ఒకప్పుడు ఆ మెట్టల్లో గోగు వేసేవారు. నార తీసి మిల్లులకి తోలేవారు. మిల్లులు ఒకటొకటే మూతపడ్డాక గోగు ఎవడిక్కావాలి? అప్పుడొచ్చింది పత్తి. మామూలు పత్తి కాదు, బీటీ పత్తి. మొక్కలోనే మందు ఉంటుందట, కాయ కొరికిన పురుగు అక్కడికక్కడే చస్తుందట. నమ్మినవాడూ నమ్మనివాడూ అందరూ వేశారు. మొదటి ఏళ్ళలో పత్తి విరగకాసింది కూడాను. చేలు తెల్లగా విచ్చుకుని ఉంటే సుభద్రమ్మ మరిది నారాయణమూర్తి గట్టు మీద నిలబడి మీసం దువ్వుకునేవాడు. "కంపెనీవోడి మందూ, మా వొదిన సెయ్యీ. ఇంక పురుక్కి దారేదీ?" అనేవాడు.

ఆ విత్తనాలు బొబ్బిలిలో గణపతిరావు కొట్టులో దొరికేవి. పెద్ద పేకెట్టు లోపల ఇంకో చిన్న పేకెట్టు ఉండేది. దాని మీద చీమతలకాయలంత అక్షరాలు, అందులో సగం తెలుగు కానే కాదు. మొదటి ఏడాది ఆడవాళ్ళంతా కలిసి ఆటో కట్టించుకుని వెళ్ళినప్పుడు సుభద్రమ్మ అదేమిటని అడిగింది.

"అదా? అది ఫ్రీ" అన్నాడు గణపతిరావు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "కంపెనీవోడు ఉట్టినే ఇస్తన్నాడు. మొక్క సచ్చినకాడ ఏసుకుంటే ఏసుకోండి, నేదా మానెయ్యండి."

అదీ ఆయన చెప్పింది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఉంటే ఆయన నోటి ముత్యాలేం రాలిపోయేవి కావు. వెనకాల ఇంకా జనం నిలబడి ఉన్నారు, ఆయనకు తీరిక లేకపోయింది.

ఫ్రీ అన్న మాట వినగానే సుభద్రమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. వాళ్ళ అత్త దగ్గర నేర్చుకున్న పద్ధతుల్లో అది మొదటిది. ఊరికే వచ్చిన గింజ భూమిలో వెయ్యకూడదు. ఆ రోజుల్లో చోళ్ళ, అదే రాగుల, విత్తనం పక్కింట్లో కుంచెడు బదులు తెచ్చుకుంటే పంటయ్యాక నిండి పొర్లేలా పొర్లుకుంచం కొలిచి ఇచ్చేవారు. ఆఖరికి వంగనారు నాలుగు మొక్కలు తెచ్చుకున్నా అక్కడ పిడికెడు ఉప్పన్నా పెట్టి వచ్చేవారు. ఏమీ ఇవ్వకుండా తెచ్చి పాతిన గింజ దొంగగింజ కిందే లెక్క. అది మొలిస్తే పక్కనున్న మంచి పంటని కూడా ఇల్లు చేరనివ్వదు. ఇంటికొచ్చిన ఆడవాళ్ళకి ఆవిడ అదే చెప్పింది. "ఆ సిన్న పేకెట్టు సేలో పడనియ్యకండర్రా. అరిష్టం. గెడ్డలో పారబోసెయ్యండి."

సుభద్రమ్మ చెప్పాక మళ్ళీ మాటుందా? ఏటేటా తొలకరికి ముందు ఆ ఊరి ఆడవాళ్ళు చిన్న పేకెట్లన్నీ చింపి ఊరి పక్కన పారే గెడ్డలో పోసి, చేతులు కడుక్కుని వచ్చేవారు. కూర్మమ్మ అయితే పోసేటప్పుడు మెటికలు కూడా విరిచేది. కూర్మమ్మ అంటే సుభద్రమ్మకి ఎదురింటి నేస్తం, ఆవిడ ఎంతంటే అంత.

మధ్యలో ఒకసారి కంపెనీవాళ్ళు మీటింగు పెట్టారు. పాలకేంద్రం ముందు షామియానా వేసి, పెద్ద ఫ్లెక్సీ కట్టి, అందరికీ టోపీలూ పులిహోర పొట్లాలూ పంచారు. బూట్లేసుకున్న పెద్దమనిషి ఒకాయన కారు దిగి మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. రెఫ్యూజీ అన్నాడు, రెసిస్టెన్సు అన్నాడు, బాధ్యత అన్నాడు. జనానికి అర్థమైంది ఆ ఆఖరి మాట ఒక్కటే, అదైనా ఎవరి బాధ్యతో తెలియలేదు. తరువాత ఫొటో తీస్తాం, ఒక రైతమ్మ కావాలన్నారు. అందరూ సుభద్రమ్మనే ముందుకు తోశారు. చేతిలో చిన్న పేకెట్టు పెట్టి "నవ్వండమ్మా" అన్నారు. ఆవిడ నవ్వింది. కారు వెళ్ళిపోయాక ఆ పేకెట్టు కూడా తిన్నగా గెడ్డలోకే వెళ్ళింది. పాపం, ఆవిడ ఏం తప్పు చేసిందని? చేతిలో పెట్టినవాడు ఇది ఎందుకని ఒక్కమాట ఆవిడ భాషలో చెప్పాడా?

రెండువేల పదహారులో చేలల్లో కొన్ని పూలు విచ్చుకోకుండా ముడుచుకునే ఉండిపోయాయి. గుడ్డిపూలు అన్నారు. ఎండ వల్ల అనుకుని ఊరుకున్నారు. పదిహేడులో ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. పైకి చూస్తే కాయ నున్నగా, నవనవలాడుతూ ఉండేది. నారాయణమూర్తి ఒక కాయ కోసి వదిన చేతిలో పెట్టాడు.

"ఇప్పి సూడు వొదినా."

సుభద్రమ్మ గోటితో చీల్చింది. లోపల దూది లేదు. గోధుమరంగు మరక, పిప్పి, మధ్యలో గులాబీ రంగు పురుగు ఒకటి హాయిగా పొర్లుతోంది. ఇంకో కాయ చీల్చింది. అందులోనూ అదే. ఆవిడ సాళ్ళ వెంట నడుస్తూ చేతికందిన కాయనల్లా చీల్చింది, గోళ్ళు పసరుతో నల్లబడేదాకా. ఆ చేలో తొలిగింజ ఆవిడ వేసిందే. ఆ పక్కదీ, దాని పక్కదీ కూడా. మందులు కొట్టారు, మందు మీద మందు కొట్టారు. కాయ లోపల దూరి తలుపేసుకున్నదానికి పైన ఎంత కొడితే ఏం లాభం? ఏరడానికి వచ్చిన కూలివాళ్ళు చేను చూసి, ఇందులో ఏరేదేటని వెనక్కి పోయారు. జనం మొక్కలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఆ చలికాలం ఊళ్ళో పత్తికట్టె పొగే పొగ.

అప్పుడు వచ్చాడు ధర్మేంద్ర. చీపురుపల్లి కుర్రాడు, కంపెనీ తరఫున పల్లెలు తిరిగే ఉద్యోగం. వెనకటి మీటింగులో ఫ్లెక్సీ తాడు పట్టుకుని నిలబడ్డది వీడే. ఈసారి కారూ లేదు, టోపీలూ లేవు. బైకు మీద వచ్చాడు, వెనకాల గణపతిరావుని ఎక్కించుకుని. పాలకేంద్రం ముందు జనం పోగయ్యారు. తిట్లు ఎలాగూ తిన్నాడు. తిన్నాక నెమ్మదిగా అడిగాడు.

"ఆ సిన్న పేకెట్టు ఎవరెవరు ఏసారండీ?"

ఆడవాళ్ళు గెడ్డ వైపు చూశారు. ధర్మేంద్రే మళ్ళీ అందుకున్నాడు.

"బాబూ, బీటీ మొక్క తిన్న పురుగు సస్తాది. గానీ వేలల్లో ఒకటి మొండిది బతికిపోతాది. దానికి ఇంకో మొండిదే జత దొరికితే పుట్టినయ్యన్నీ మొండివే. అందుకే సేను సుట్టూ ఐదు సాళ్ళు మందు నేని మొక్కలెయ్యాల. అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. మొండిది ఆటితో కలిస్తే పిల్లలు మళ్ళీ మందుకి సస్తాయి. ఆ మీటింగులో రెఫ్యూజీ అన్నది ఇదే, ఆ పేకెట్టు అందుకే ఇచ్చింది. అది పురుగు వాటా. మీరది ఇవ్వలేదు, అది సేనంతా తీసుకుంది."

ఎంత తేలిగ్గా చెప్పేశాడు! ఇంతేనా, ఇందుకేనా అన్నట్టు జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు కూర్మమ్మ అంది, ఏ పాపమూ ఎరగనట్టు. "మా సుభద్రప్పే వొద్దంది బాబూ. అరిష్టమంది. గెడ్డలో పోయించింది."

తలలన్నీ ఒక్కసారిగా సుభద్రమ్మ వైపు తిరిగాయి. ఆవిడ జనాన్ని తప్పించుకుని ధర్మేంద్ర ముందుకొచ్చింది.

"పిచికలకి కంకులు కడతాం. సీమలకి నూక సల్లుతాం. పురుక్కి ఐదు సాళ్ళు ఇయ్యమంటే ఇయ్యకపోదునా బాబూ? ఈ ముక్క ఇన్నేళ్ళూ ఎందుకు సెప్పలేదు నాకు?" ఆవిడ గణపతిరావు వైపు తిరిగింది. "నువ్వు కాదూ ఫ్రీ అన్నావు?"

"ఫ్రీ అన్నాను" అన్నాడు గణపతిరావు. "పారబొయ్యమన్నానా?"

అంతే, అక్కడితో అందరి చేతులూ శుభ్రమైపోయాయి. కంపెనీ ఇచ్చింది కనక కంపెనీ తప్పు కాదు. కొట్టువాడు అమ్మాడు కనక కొట్టువాడి తప్పు కాదు. ఊరు విన్నది కనక ఊరి తప్పు అసలే కాదు. ముక్కూ మొహం లేని ఇంత పెద్ద పాపానికి ఒక మొహం దొరికింది, దాని నుదుట అర్ధరూపాయంత బొట్టు కూడా ఉంది.

ఆ రోజు నుంచి ఎవరూ ఆవిణ్ణి తిట్టలేదు. తిడితే బాగుండేది, తిరిగి తిట్టేది. కూర్మమ్మ మనవడి బారసాల జరిగింది. ఎదురింట్లో మేళం మోగుతుంటే సుభద్రమ్మ చీర మార్చుకుని, జాకెట్టు గుడ్డ ఒకటి తీసి పెట్టుకుని వీధరుగు మీద కూర్చుంది. పిలుపు రాలేదు. విస్తళ్ళు ఎత్తేశాక లోపలికి వెళ్ళి ఆ గుడ్డ మళ్ళీ పెట్టెలో పడేసింది. "మరిసిపోయుంటారే" అన్నాడు లక్ష్ముడు. ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు.

మళ్ళీ తొలకరి పడింది. కొందరు మొక్కజొన్నకి పోయారు, చాలామంది మళ్ళీ పత్తే అన్నారు. మెట్టల్లో సాళ్ళు తోలే కేకలు వినిపిస్తుంటే సుభద్రమ్మ రోజూ పొద్దున్నే తలస్నానం చేసి కూర్చునేది. ఎవరింటి చేను ఎవరు మొదలుపెట్టారో వింటూనే ఉంది. ఫలానావాళ్ళు పొరుగూరి నుంచి ఎవర్నో తెచ్చుకున్నారట. ఇంకొకళ్ళు కోడలి చేత వేయించారట. లక్ష్ముడికి మండిపోయింది. "ఒసే, ఆ పసుపు కడుక్కో. ఊరేటి ఊరు! మన సేను మనం ఏసుకుందాం, నువ్వెయ్యి, పండిందే తిందాం" అన్నాడు. "నాకు సేను ఎందుకయ్యా?" అని ఏడ్చిందావిడ. పిల్లలు పోయినప్పుడు తప్ప ఆయన ఆ ఏడుపు మళ్ళీ వినలేదు.

ఆఖరికి పిలుపొచ్చింది. నారాయణమూర్తి కోడలు రేఖ గుమ్మంలో నిలబడింది. చేతిలో పసుపూ కుంకుమా లేవు.

"పెద్దత్తా, మావయ్య రమ్మంతన్నారు. సేలో గింజలెయ్యాలంట."

పసుపు లేకపోతే మానె, ఆవిడే రాసుకుంది. పెట్టె అడుగునుంచి నేత చీర తీసి కట్టుకుంది. గట్ల వెంట ఎంత గబగబా నడిచిందంటే వెనకాల రేఖ అందుకోలేక పరుగెత్తింది. మరిది మంచివాడు, నా చేతి ఉప్పు తిన్నవాడు, వాడు మరిచిపోతాడా అనుకుంటూ పోయింది.

చేను దగ్గరికి వెళ్ళేసరికి నడిమంతా గింజలు వేసేసి ఉన్నాయి. ఈశాన్యం మూలనుంచి మొదలై సాళ్ళు తిన్నగా, చక్కగా ఉన్నాయి. కూలి ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని గంజి తాగుతున్నారు. నారాయణమూర్తి చిన్న పేకెట్టు చింపి ఆవిడ ముందుకు చాపాడు.

"తొలిగింజ రేఖ ఏసేసింది వొదినా. నువ్వు సుట్టూ గట్టుపక్క ఐదు సాళ్ళూ ఏసెయ్యి. పురుగు వాటా కదా. అక్కడ పురుగు బాగా బతకాలంట, అప్పుడే నడిమి సేను బాగుంటాదంట. నీ సెయ్యైతే దానికి సరిపోతాది."

వెక్కిరింత కాదు. వెక్కిరిస్తే పేకెట్టు మొహాన కొట్టి వచ్చేసేది. వాడు నిజంగానే, ఎంతో ఆలోచించి, ఆవిడకి కూడా ఒక పని దొరికిందన్న సంతోషంతో అన్నాడు. గట్టు మీద ఆడవాళ్ళు గంజి తాగడం ఆపి చూస్తున్నారు. ఏ మూల మొదలుపెట్టాలని సుభద్రమ్మ అడిగింది. "ఏ మూలైతే ఏటి వొదినా, దానికేటి పట్టింపు?" అన్నాడు.

ఆవిడ ఒడి పట్టింది. వంగి ఒక్కొక్క గింజా నాటుకుంటూ చేను చుట్టూ తిరిగింది. అలవాటు కొద్దీ పెదవి విప్పలేదు. అయ్యాక ఎవరూ విస్తరి మాట ఎత్తలేదు, చెంబుతో నీళ్ళిచ్చారు. మర్నాడు కూర్మమ్మ వచ్చింది, ఆ వెనక మరొకళ్ళు. ఊళ్ళో ఉన్న ప్రతి పత్తిచేనూ ఆవిణ్ణి పిలిచింది, గట్టుపక్క సాళ్ళకి. పురుగు చెయ్యి అని పేరు కూడా పెట్టారు, ఎదురుగా కాదులెండి, ఆమాత్రం మర్యాద ఉంది ఊరికి. ఆవిడ ఎవర్నీ కాదనలేదు. చేలోకి దిగకుండా ఇంట్లో కూర్చోవడం కన్నా అదే మేలనిపించింది.

దీపావళి ముందు ధర్మేంద్ర వచ్చి చేలు చూసి నోరు తెరిచాడు. చుట్టుపక్కల ఎక్కడ చూసినా చిన్న పేకెట్టు చెత్తకుప్పలోనే ఉంది. ఈ ఊళ్ళో మాత్రం ప్రతి చేనుకీ చుట్టూ ఐదు సాళ్ళు, వంక పెట్టడానికి లేకుండా. బూట్లాయన మళ్ళీ కారులో దిగాడు. ఆదర్శ గ్రామం అని ఫ్లెక్సీ కట్టారు. ఈ సాళ్ళు వేసిందెవరంటే సుభద్రమ్మని మళ్ళీ ముందుకు తోశారు. "ఊరందర్నీ ఎలా ఒప్పించారమ్మా?" అని అడిగాడాయన. కూర్మమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

కారు వెళ్ళాక సుభద్రమ్మ ధర్మేంద్రని గట్టు దగ్గర ఆపింది.

"బాబూ, నిజం సెప్పు. ఇలాగేస్తే పురుగు ఇంక రాదా?"

వాడు బైకు తాళం చేతిలో తిప్పాడు. "సుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏస్తేనే అమ్మా. రెక్కలొచ్చాక అది ఎంతో దూరం ఎగిరిపోతాది. మీ ఒక్క ఊరేస్తే సాలదు. ఎప్పుడో మొదలెట్టాల్సింది, ఇప్పటికే మొండిదైపోయింది."

"మరి ఈ యేడు?"

"నడిమి సాళ్ళలో కాయలు ఇప్పి సూసానమ్మా. ఉన్నాది. పోయినేడంత కాదు గానీ ఉన్నాది."

"ఊరోళ్ళకి సెప్పావా?"

"సెప్పాలమ్మా" అన్నాడు వాడు. చెప్పకుండానే బైకెక్కి వెళ్ళిపోయాడు.

సుభద్రమ్మ ఇంటికొచ్చేసరికి లక్ష్ముడు అరుగు మీద తాడు పేనుతున్నాడు.

"ఏటన్నాడే ఆ కుర్రోడు?"

"పురుగు మళ్ళీ వస్తాదంట."

"వస్తే రానీ. ఈసారి ఆ కుర్రోడు సెప్పినట్టే ఏసారు కదా, నిన్నేటంటారు?"

"ఏటీ అనరు" అంది సుభద్రమ్మ. "ఆ గట్టుపక్క సాళ్ళకి కూడా పిలవరు."